కుడి సీటు నుంచి ఎడమ సీటుకు

ఎయిర్‌బస్ ఏ320 కాక్‌పిట్‌లో కుడివైపు కూర్చునే ఫస్ట్ ఆఫీసర్ కుడి చేత్తో సైడ్‌స్టిక్ పట్టుకుంటారు, ఎడమ చేత్తో ఇంజిన్ల థ్రస్ట్ లీవర్లు కదుపుతారు. ఏళ్ల తరబడి చేతులకు అదే అలవాటు. కెప్టెన్ పదోన్నతి శిక్షణలో ఎడమ సీటులోకి మారగానే ఆ రెండు చేతులూ పనులు మార్చుకోవాలి. ఇన్నాళ్లూ లీవర్లు పట్టిన చెయ్యి ఇప్పుడు విమానాన్ని తిప్పాలి. అద్దంలోంచి రన్‌వే కనిపించే కోణం మారుతుంది. సరిగ్గా మధ్యగీత మీదే దిగుతున్నామనుకుంటే చక్రాలు కాస్త పక్కన తగులుతాయి.

చూసేవాళ్లకు కష్టమనిపించే ఈ మార్పే నిజానికి తేలిక. సిమ్యులేటర్‌లో కొన్ని సెషన్లు గడిచేసరికి చేతులు సర్దుకుంటాయి. మనిషి సర్దుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది. నిన్నటిదాకా పక్కనున్న పెద్దాయన్ను ‘ఇలా చేద్దామా సర్?’ అని అడిగినవారు రేపటి నుంచి ఆ ప్రశ్న తమను అడిగే ధైర్యం ఎదుటివారికి ఇవ్వాలి. విన్నాక నిర్ణయం తామే తీసుకోవాలి. దాని ఫలితానికి జవాబూ తామే చెప్పాలి.

విమానం విషయంలో తుది అధికారం పైలట్ ఇన్ కమాండ్‌దేనని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. 1963 నాటి టోక్యో ఒప్పందం ఇంకో అడుగు ముందుకేసి, విమాన భద్రతకు ముప్పు తెచ్చే ప్రయాణికుణ్ని కట్టడి చేసే అధికారాన్ని, దించేసే అధికారాన్ని కెప్టెన్‌కు ఇచ్చింది. మన దేశం దాన్ని 1975లో చట్టం చేసుకుంది. అయితే ఈ అధికారం ఎక్కువగా పనికొచ్చేది అల్లరి ప్రయాణికుల దగ్గర కాదు. రోజూ తెల్లవారుజామున విమానం బయల్దేరకముందు కాగితాల మీద పెట్టే సంతకాల దగ్గర.

ఇంధనం సంగతే తీసుకుందాం. ప్రయాణానికి కొంత, దారిలో ఊహించని ఖర్చుకు కొంత, గమ్యంలో దిగలేకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లేందుకు కొంత, వీటన్నిటి అడుగున ముట్టుకోకూడని 30 నిమిషాల చివరి నిల్వ. ఈ లెక్కంతా నేల మీద డిస్పాచ్ సిబ్బంది వేసి ఇస్తారు. మే నెల సాయంత్రం శంషాబాద్ చుట్టూ ఉరుముల మేఘాలు కమ్ముకునే సూచన ఉంటే ఆ లెక్క చాలుతుందా, ఇంకో టన్ను వేసుకోవాలా అన్నది మాత్రం కెప్టెన్ తేల్చాలి. ఎక్కువ నింపితే బరువు పెరుగుతుంది, ఆ బరువును మోయడానికే మరికొంత ఇంధనం కాలుతుంది. తక్కువ నింపితే గాల్లో చక్కర్లు కొట్టే ఓపిక తగ్గి, విజయవాడకో బెంగళూరుకో త్వరగా మళ్లాల్సి వస్తుంది. ఫస్ట్ ఆఫీసర్‌కూ ఈ విషయాలన్నీ తెలుసు. తెలిసి ఉండటం వేరు, సంతకం పెట్టడం వేరు.

చిన్న లోపంతో విమానం బయల్దేరవచ్చా లేదా అన్నది ఇంకో రోజువారీ పరీక్ష. ఏ పరికరం పనిచేయకపోయినా ఎగరవచ్చో, ఏ షరతులతో ఎగరవచ్చో చెప్పే జాబితాను ఎమ్ఈఎల్ అంటారు. విమానం తోకలోని సహాయక విద్యుత్ యూనిట్, అంటే ఏపీయూ, పనిచేయకపోయినా ఆ జాబితా ప్రకారం బయల్దేరవచ్చు. కానీ వెళ్లే ఊళ్లో ఇంజిన్‌ను స్టార్ట్ చేయడానికి గాలిని అందించే యంత్రం లేకపోతే? అక్కడ రెండు ఇంజిన్లూ ఆపితే మళ్లీ స్టార్ట్ కావు. ప్రయాణికులు ఎండలో ఇరుక్కుంటారు. నిబంధన ఒప్పుకున్న ప్రతిదీ ఆ రోజుకు, ఆ ఊరికి తగినది కాకపోవచ్చని కనిపెట్టడమే కెప్టెన్ పని. దీన్ని ఏ పుస్తకమూ పూర్తిగా నేర్పలేదు.

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కనీసం 18 ఏళ్లు, 200 గంటల ఫ్లయింగ్ ఉండాలి. విమాన సంస్థలో కెప్టెన్ కావడానికి అవసరమైన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సుకు 21 ఏళ్లు, 1500 గంటలతో పాటు వాతావరణం, నావిగేషన్, రేడియో పరికరాల మీద పరీక్షలు దాటాలి. ఈ మధ్యలో గడిచే ఏళ్లే అసలైన బడి. ఒక ట్రిప్పులో విమానాన్ని తాము నడుపుతారు, ఇంకో ట్రిప్పులో కెప్టెన్ నడుపుతుంటే గమనిస్తారు. గమనించడాన్ని తక్కువ పనిగా చూసే ఫస్ట్ ఆఫీసర్లు కొందరుంటారు. నష్టపోయేది వాళ్లే. కెప్టెన్ నోరు తెరవకముందే ‘ఈ సీటులో నేనుంటే ఏం చేసేవాణ్ని’ అని మనసులో తేల్చుకుని, తర్వాత కెప్టెన్ నిర్ణయంతో పోల్చుకునేవారికి ప్రతి ట్రిప్పూ ఒక రిహార్సల్. ఆ తేడా ఎందుకు వచ్చిందో హోటల్‌కు వెళ్లే బండిలో మర్యాదగా అడిగితే విసుక్కునే కెప్టెన్లు అరుదు. చాలామంది సంతోషంగా చెబుతారు.

తెలుగునేలకు ఈ శిక్షణతో పాత అనుబంధం ఉంది. హైదరాబాద్ ఫిరోజ్‌గూడలోని సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌ను పైలట్లు సీటీఈ అంటారు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సిమ్యులేటర్ శిక్షణకు ఇక్కడికే వచ్చేవారు. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిరిండియాలో కలిశాక కేంద్రమూ దానితో పాటే వెళ్లింది.

పదోన్నతి శిక్షణను పైలట్లు కమాండ్ అప్‌గ్రేడ్ అంటారు. ముందు అభ్యర్థి పాత చెక్‌ల, అంటే నైపుణ్య పరీక్షల రికార్డు, ఇన్‌స్ట్రక్టర్ల అభిప్రాయాలు చూసి ఎంపిక జరుగుతుంది. తర్వాత తరగతి గది, సిమ్యులేటర్, ఆపైన ప్రయాణికులున్న నిజం విమానంలో ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో ట్రిప్పులు, చివరికి రూట్ చెక్‌లు. యూరప్‌లో అదే రకం విమానం మీద ఇప్పటికే అర్హత ఉన్నవారైనా పర్యవేక్షణలో కనీసం 10 ట్రిప్పులు కమాండర్‌గా నడపాలి. అమెరికాలో ఒక పైలట్ పెద్ద విమాన సంస్థలో కెప్టెన్ కావాలంటే సాధారణంగా కో పైలట్‌గా 1000 గంటలు చేసి ఉండాలి. అక్కడి విమానయాన అధికారులు 2020లో ఇంకో నియమం చేర్చారు: కొత్త కెప్టెన్లకు నాయకత్వంలోను, కిందివారిని తీర్చిదిద్దడంలోను విడిగా శిక్షణ ఇవ్వాలి. విమానం నడపడం ఎంత నేర్చినా నాయకత్వం దానంతటదే రాదని ఒక ప్రభుత్వ సంస్థ లిఖితపూర్వకంగా ఒప్పుకున్న సందర్భమిది.

సిమ్యులేటర్‌లో అన్నిటికంటే ఎక్కువగా సానపట్టేది టేకాఫ్‌ను మధ్యలో ఆపే నిర్ణయాన్ని. వీ1 అనే వేగం దాటాక ఆపితే మిగిలిన రన్‌వే చాలకపోవచ్చు. దాటక ముందు ఆపవచ్చు. ఎయిర్‌బస్ పద్ధతి ప్రకారం 100 నాట్లు, అంటే గంటకు 185 కిలోమీటర్ల వేగం లోపు చిన్న లోపానికైనా ఆపవచ్చు. అది దాటాక ఇంజిన్ మంటల్లాంటి తీవ్రమైన కారణముంటేనే ఆపాలి. విమానాన్ని ఫస్ట్ ఆఫీసర్ నడుపుతున్నా ఆపాలా వద్దా అన్న మాట కెప్టెన్‌దే. ఆలోచించడానికి ఉండేది ఒకటి రెండు సెకన్లు. అక్కడ ఎవరినీ సలహా అడిగే వీలు లేదు. ఇన్నాళ్లూ కెప్టెన్ నోటి నుంచి ‘స్టాప్’ అనో ‘గో’ అనో వినడానికి అలవాటుపడిన మనిషి మొదటి రోజుల్లో ఆ మాట కోసం తెలియకుండానే ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపు పోయేదాకా ఇన్‌స్ట్రక్టర్లు అదే పాఠాన్ని రకరకాలుగా తిప్పి తిప్పి పెడతారు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన పాఠం వెంటనే వస్తుంది. ఒక మామూలు ట్రిప్పులా మొదలయ్యే సిమ్యులేటర్ సెషన్‌లో ఒక పరికరం మొరాయిస్తుంది, క్యాబిన్‌లో ఒకరికి ఛాతీనొప్పి, దగ్గరి విమానాశ్రయంలో వాన, పొట్టి రన్‌వే. ఇక్కడ సమయం ఉంది. ఇక్కడ తొందరపడే అభ్యర్థే తప్పుతారు. వివరాలు, దారులు, వాటిలోని ప్రమాదాలు, నిర్ణయం, అమలు, తిరిగి సరిచూసుకోవడం అనే వరుసను జర్మనీలో ఫోర్‌డెక్ పేరుతో తయారుచేశారు. చాలా సంస్థలు ఇలాంటిదే ఏదో ఒకటి నేర్పుతాయి. ఇన్‌స్ట్రక్టర్ చూసేది అభ్యర్థి ఏ ఊళ్లో దిగారన్నది కాదు. ఫస్ట్ ఆఫీసర్‌ను, క్యాబిన్ సిబ్బందిని అడిగారా, పనులు పంచారా, పరిస్థితి మారాక నిర్ణయాన్ని మళ్లీ చూసుకున్నారా అన్నది. ఎప్పుడు క్షణంలో తేల్చాలో, ఎప్పుడు నలుగురి మాటా వినాలో గుర్తుపట్టడం దగ్గరే చాలామంది తడబడతారు. కొందరు వెనక్కి, కుడి సీటుకు వెళ్లి కొంతకాలం తర్వాత మళ్లీ ప్రయత్నిస్తారు. అది అవమానం కాదు. ఆ తలుపు తెరిచి ఉంచిన సంస్థ తన ప్రయాణికుల పట్ల బాధ్యతగా ఉన్నట్టు లెక్క.

శిక్షణ కూడా ప్రమాదానికి అతీతం కాదని మనకు చేదుగా తెలుసు. 1990 ఫిబ్రవరి 14న ముంబయి నుంచి బెంగళూరు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 విమానంలో ఎడమ సీటు పైలట్ కమాండ్ రూట్ చెక్‌లో ఉన్నారు. కుడి సీటులో చెక్ పైలట్. ఏ320 అప్పటికి మన దేశానికి కొత్త. దిగే సమయంలో విమానం ఇంజిన్లను కనీస శక్తికి తెచ్చే మోడ్‌లో ఉండిపోయింది. వేగం తగ్గిపోతున్న సంగతి ఇద్దరికీ సమయానికి పట్టలేదు. విమానం హెచ్ఏఎల్ విమానాశ్రయం రన్‌వేకి ముందే గోల్ఫ్ మైదానంలో నేలను తాకింది. అందులోని 146 మందిలో 92 మంది చనిపోయారు.

ఇరవై మూడేళ్ల తర్వాత, 2013 జులై 6న, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియానా 214 బోయింగ్ 777 ఇలాగే రన్‌వే ముందరి గోడకు తగిలింది. ముగ్గురు మరణించారు. ఎడమ సీటులో ఇతర విమానాల మీద కెప్టెన్‌గా చేసి 777కి కొత్తగా మారుతున్న పైలట్. కుడి సీటులో ఇన్‌స్ట్రక్టర్‌గా మొదటి ట్రిప్పు చేస్తున్న కెప్టెన్. అక్కడా వేగం పడిపోయింది. యంత్రం చూసుకుంటోందన్న నమ్మకమే అక్కడా దెబ్బతీసింది. ఈ రెండు ప్రమాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇన్‌స్ట్రక్టర్ పాత్ర ఎంత కత్తిమీద సామో అర్థమవుతుంది. అభ్యర్థి నాయకత్వం నేర్చుకోవాలంటే ఇన్‌స్ట్రక్టర్ వెనక్కి తగ్గాలి, మౌనంగా ఉండాలి. తప్పు పెరుగుతుంటే ఆ మౌనం ఏ క్షణంలో వీడాలో తెలియాలి. అందుకే ఇన్‌స్ట్రక్టర్లకూ విడిగా శిక్షణ, విడిగా చెక్‌లు ఉంటాయి.

అమెరికా రవాణా భద్రతా మండలి 1978 నుంచి 1990 దాకా అక్కడి విమాన సంస్థల్లో సిబ్బంది పాత్ర ఉన్న 37 పెద్ద ప్రమాదాలను పరిశీలించి 1994లో ఒక నివేదిక ఇచ్చింది. వాటిలో 80 శాతానికి పైగా ప్రమాదాలు జరిగినప్పుడు విమానం నడుపుతున్నది కెప్టెనే. అనుభవం ఎక్కువ ఉన్న చేతుల్లోనే ఎక్కువ ప్రమాదాలా? కారణం నైపుణ్యలోపం కాదు. ఫస్ట్ ఆఫీసర్ తప్పు చేస్తే కెప్టెన్ వెంటనే సరిదిద్దుతారు. కెప్టెన్ తప్పు చేస్తే పక్కవారు సందేహిస్తారు, నసుగుతారు, ఆలస్యంగా చెబుతారు, ఒక్కోసారి చెప్పరు.

పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదన్న పెంపకం ఉన్న మన దేశంలో ఇది మరింత ఆలోచించాల్సిన విషయం. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ 812 విమానంలో ఫస్ట్ ఆఫీసర్ నోరు మూసుకుని లేరు. దిగవద్దు, మళ్లీ పైకి లేద్దామని మూడుసార్లు చెప్పారు. ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయి లేచిన కెప్టెన్ వినలేదు. బల్లపరుపు కొండ మీది రన్‌వే దాటి విమానం లోయలోకి జారింది. 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. పైకి లేచే నిర్ణయాన్ని కో పైలట్ స్వయంగా తీసుకోవచ్చా అన్నదాని మీద అప్పటి సూచనల్లో ఉన్న అస్పష్టత వల్లే బహుశా ఆయన కంట్రోల్స్ చేతిలోకి తీసుకోలేదని విచారణ న్యాయస్థానం రాసింది. పదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7న, అదే సంస్థ విమానం కోజికోడ్‌లో వానలో దాదాపు సగం రన్‌వే దాటాక నేలను తాకి, చివరినుంచి కిందికి పడింది. 21 మంది మరణించారు, వారిలో ఇద్దరు పైలట్లూ ఉన్నారు. అక్కడా కుడి సీటు నుంచి ‘గో అరౌండ్’ అన్న మాట వచ్చింది. అక్కడా అది చెల్లలేదు.

ఈ రెండు దుర్ఘటనలనూ ఫస్ట్ ఆఫీసర్లకు ధైర్యం నేర్పే పాఠాలుగా చెప్పడం మామూలు. అది సగమే. కుడి సీటులోంచి అరిచినా వినిపించుకోని మనిషి ఎడమ సీటుకు ఎలా చేరారన్నది మిగతా సగం. కమాండ్ శిక్షణ నిజంగా పరీక్షించాల్సింది దీన్నే: ఈ అభ్యర్థి రేపు తన కింది పైలట్ ‘వద్దు సర్’ అంటే ఆగగలరా? ఏళ్లపాటు తానూ ఆ కుడి సీటులోనే కూర్చుని, గొంతు పెగలక ఇబ్బందిపడిన రోజుల్ని మరిచిపోకుండా ఉండగలరా? కొత్త కెప్టెన్లలో కొందరు అధికారం చూపించుకోవాలన్న ఆత్రంలో గట్టిగా మాట్లాడటం మొదలుపెడతారు. ఆ క్షణం నుంచే వాళ్లకు వచ్చే సమాచారం తగ్గిపోతుంది.

కిందివారి మాట వినడం నేర్పితే వచ్చే విద్యేనని చెప్పడానికి ఒకే విమాన సంస్థలో జరిగిన రెండు ఘటనలు చాలు. 1978 డిసెంబరు 28న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173 విమానం పోర్ట్‌లాండ్ దగ్గర చక్రాల సమస్యతో గంటసేపు చక్కర్లు కొట్టింది. కెప్టెన్ ధ్యాసంతా చక్రాల మీదే. ఇంధనం తరిగిపోతోందన్న ఫ్లైట్ ఇంజినీర్ హెచ్చరికకు ఆయన మనసులో చోటు దొరకలేదు. ఇంజిన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. 10 మంది చనిపోయారు. మరుసటి ఏడాది నాసా ఈ విషయం మీదే నిపుణుల సమావేశం పెట్టింది. 1981లో యునైటెడ్ తన పైలట్లందరికీ కాక్‌పిట్‌లో కలిసి పనిచేసే పద్ధతి మీద శిక్షణ మొదలుపెట్టింది. నేడు ప్రపంచమంతా సీఆర్ఎమ్ అని పిలిచేది దాన్నే.

అదే సంస్థ డీసీ-10 విమానం 1989 జులై 19న అయోవా రాష్ట్రం మీద ఎగురుతుండగా తోకలోని ఇంజిన్ పేలి, హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయాయి. అలాంటి స్థితిలో ఏం చేయాలో చెప్పే పుస్తకమే లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ అందరినీ అడిగారు. ప్రయాణికుల్లో ఉన్న డెనిస్ ఫిచ్ అనే శిక్షణ పైలట్‌ను కాక్‌పిట్‌లోకి పిలిపించి, ఆయన చేతికి థ్రస్ట్ లీవర్లు అప్పగించారు. ఇంజిన్ల శక్తిని హెచ్చించి, తగ్గించి మాత్రమే విమానాన్ని తిప్పుతూ సూ సిటీ రన్‌వే దాకా తెచ్చారు. అందులోని 296 మందిలో 184 మంది ప్రాణాలతో బయటపడ్డారు. అది తన ఒక్కడి గొప్ప కాదని, 1980ల్లో తాము పొందిన ఆ శిక్షణ లేకపోతే సాధ్యమయ్యేది కాదని హేన్స్ తర్వాతి సంవత్సరాల్లో ఊరూరా తిరిగి చెప్పారు.

వయసు మాటేమిటి? ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో నివేదితా భాసిన్ 1990లో 26 ఏళ్లకే జెట్ విమానానికి కెప్టెన్ అయ్యారు. విజయవాడలో పెరిగిన యానీ దివ్య 2017లో 30 ఏళ్ల వయసులో బోయింగ్ 777 కమాండర్ అయి, ఆ విమానం మీద ప్రపంచంలోనే అతి చిన్న వయసు మహిళా కెప్టెన్‌గా వార్తలకెక్కారు. చిన్న వయసు అనర్హత కాదని ఇలాంటివారు నిరూపించారు. కానీ కొత్త సవాలు ఒకటి వస్తుంది. వైమానిక దళంలో ఏళ్లపాటు పనిచేసి వచ్చి కుడి సీటులో కూర్చున్న పైలట్ వయసులో కెప్టెన్ కంటే పెద్దవారు కావచ్చు. అప్పుడు హోదా ఒక వైపు, వయసు ఇంకో వైపు. గౌరవం తగ్గకుండా ఆజ్ఞ ఇవ్వడం, ఆజ్ఞ ఇస్తూనే సలహా అడగడం అప్పుడే ఒంటబట్టాలి.

కెప్టెన్‌గా పదోన్నతి ఉత్తర్వు చేతికొచ్చాక కూడా కొన్నాళ్లు జాగ్రత్తలు ఉంటాయి. అమెరికాలో ఒక రకం విమానం మీద కెప్టెన్‌గా 100 గంటలు నిండని వారు దిగాలంటే మామూలు కంటే 100 అడుగులు ఎక్కువ ఎత్తు నుంచే రన్‌వే కనిపించాలి, కనుచూపు దూరం కూడా అర మైలు ఎక్కువ ఉండాలి. ఇద్దరు కొత్తవాళ్లను ఒకే కాక్‌పిట్‌లో వేయకూడదన్న నియమమూ ఉంది.

ఇప్పుడు మన దేశంలో ఇలాంటి జాగ్రత్తలన్నిటి మీదా ఒత్తిడి పెరుగుతోంది. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలు, జూన్‌లో ఇండిగో 500 విమానాలు కొనేందుకు ముందుకొచ్చాయి. వచ్చే 15–20 ఏళ్లలో దేశానికి 30,000 మంది పైలట్లు అవసరమని పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు చెప్పారు. 200 గంటల పైలట్లను తయారుచేసే ఫ్లయింగ్ స్కూళ్లను పెంచవచ్చు. సిమ్యులేటర్లను డబ్బు పెట్టి కొనవచ్చు. కుడి సీటులో గడపాల్సిన ఏళ్లను మాత్రం కొనలేరు, కుదించకూడదు. కొరత ఉన్నప్పుడు ఎంపిక బోర్డు ముందు కూర్చున్న సందేహాస్పద అభ్యర్థికి ‘సరే, చూద్దాం’ అనడం తేలిక. ఆ తేలికను ఒప్పుకోకుండా నిలబడే ఇన్‌స్ట్రక్టర్‌కు సంస్థ వెన్నుదన్నుగా నిలవాలి.

ఆ ఇన్‌స్ట్రక్టర్లూ కెప్టెన్లలోంచే రావాలి. అనుభవజ్ఞుడైన కెప్టెన్ శిక్షణకు ఇచ్చే ప్రతి రోజూ మామూలు ట్రిప్పుల నుంచి తీసుకున్న రోజే. ఇతర సంస్థలు, గల్ఫ్ దేశాలు ఎక్కువ జీతంతో పిలిచేదీ వారినే. అందుకే 2017లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఉద్యోగం మానేసే కో పైలట్‌కు ఆరు నెలల నోటీసు గడువు పెడితే, కెప్టెన్‌కు ఏడాది పెట్టింది.